నలభై ఎనిమిదికి ఒకే తాళం

ఆసుపత్రి రెండో అంతస్తులో మెషీన్ రూమ్ గుమ్మం ఇరుకు. కొత్త మెషీన్‌ను ఇనప బీరువాతో సహా మోసుకొచ్చి గుమ్మం ముందు దించేదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తలుపు రెక్క ఊడదీశారు, చాలలేదు. బీరువాను పక్కకు వాల్చారు, అప్పుడు పట్టింది. ఆ తతంగమంతా వరండాలో నిలబడి చూసినవాళ్ళలో ఒకావిడను ఎదురుగా మేడమ్ అనీ, పక్కకు తిరిగాక కంప్యూటరమ్మ అనీ అంటారు. ఆ పేరు తనకుందని ఆమెకు తెలుసు. పట్టించుకోదు.

"మీ ప్రోగ్రాముకి ఇక రెక్కలొచ్చినట్టే వదినా," అన్నాడు లోపల్నుంచి ఆమె మరిది.

మరిది అంటే భర్త తమ్ముడు. మెషీన్ రూమ్ బాధ్యత అతనిది. ఆ గదిలో ఏడాది పొడుగునా చలి కాబట్టి, బయట ఎండ మాడ్చేస్తున్నా ఒంటి మీద బూడిదరంగు స్వెట్టరు ఉండాల్సిందే. దాంతో ఆసుపత్రిలో అతని పేరు స్వెట్టరుగా స్థిరపడిపోయింది. ఇంటి దగ్గర కింది వాటాలో అతనూ భార్యా, పై వాటాలో కంప్యూటరమ్మ, ఆమె భర్త. అత్తగారు పొద్దున పైన, సాయంత్రం కింద. ఎవరి వంట ఎలా ఉందో రెండో వాటాలో చెప్పడం ఆవిడకు కాలక్షేపం.

కంప్యూటరమ్మ ప్రోగ్రాము చేసే పని చిన్నదేమీ కాదు. రోజూ ఉదయం ఆరున్నరకు ల్యాబ్ నుంచి రక్తపరీక్షల ఫలితాలు వస్తాయి. ప్రోగ్రాము ఒక్కో రోగి ఫైలూ తెరిచి, కొత్త అంకెను పాత అంకెల పక్కన పెట్టి, ఎవరికి ఏది పెరుగుతోందో ఏది తగ్గుతోందో చూసి ఒక జాబితా తయారుచేస్తుంది. ఎనిమిదింటికి డాక్టర్లు వార్డుల్లోకి వెళ్ళేటప్పుడు ఆ జాబితా వాళ్ళ చేతిలో ఉండాలి. ఒక్కో రోగికి ఏడాదికొక డేటాబేస్ ఫైలు. అన్నీ కలిపి ఒకే పెద్ద డేటాబేసులో పెట్టొచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. ఒకరి వివరాలు ఇంకొకరి వాటితో కలవకూడదు, ఎవరైనా వేరే ఆసుపత్రికి వెళ్తే వాళ్ళ ఫైళ్ళు వాళ్ళకు తీసి ఇచ్చెయ్యాలి అని అప్పటి పెద్దడాక్టరు పట్టుబట్టాడు. ఆయన వెళ్ళిపోయాడు, ఫైళ్ళు మిగిలాయి.

ఆరేళ్ళు ఏ గొడవా లేకుండా నడిచింది. తర్వాత ఊళ్ళోని ఇంకో రెండు ఆసుపత్రులు ఈ ఆసుపత్రితో కలిసిపోయాయి. ముప్పై వేల ఫైళ్ళు లక్షా పదివేలయ్యాయి. ఇరవై నిమిషాల పని గంటకు పాకింది. అందుకే కొత్త మెషీన్. పాతదానిలో ఎనిమిది కోర్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనులు చూసుకోగల ఎనిమిది బుర్రలు. కొత్తదానిలో నలభై ఎనిమిది. అదే కావాలని సూపరింటెండెంటు గది చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఒప్పించింది మరిది.

మెషీన్ బిగించిన రెండో రోజు కంప్యూటరమ్మ అతన్ని ఒక సాయం అడిగింది.

"ఒక ప్రోగ్రాము ఒకేసారి ఎన్ని ఫైళ్ళు తెరిచి ఉంచుకోవచ్చో ఒక హద్దు ఉంటుంది కదా, దాన్ని రెండు లక్షలు చెయ్యి."

"ఎందుకు వదినా అన్నేసి? పని అయిపోయిన ఫైలు మూసేస్తే పోలా?"

"మళ్ళీ మళ్ళీ తెరవడం దండగ. ఒకే మనిషికి మూడు పరీక్షలు మూడు సార్లు వస్తాయి. తెరిచినవి తెరిచినట్టే ఉంటే హాయి. మెమరీ బోలెడుంది."

అతను సరేనన్నాడు. చెప్పిన అంకె కొట్టాడు. ఆమె తన గదికి వెళ్ళి, ప్రోగ్రాము సెట్టింగుల్లో ఇంకో అంకె మార్చింది. ప్రోగ్రాము పనిని పంచుకుని ఒకేసారి నడిచే పాయలను థ్రెడ్లంటారు. అంతవరకూ ఎనిమిది ఉండేవి. ఎనిమిదికి ముందు నాలుగు చేర్చి నలభై ఎనిమిది చేసింది. పది నిమిషాల్లో జాబితా వచ్చేస్తుందని లెక్క వేసుకుంది.

మర్నాడు ఉదయం జాబితా ఎనిమిదింటికి రాలేదు. ఎనిమిదీ పదిహేడుకు వచ్చింది. గంటా నలభై ఏడు నిమిషాలు.

మొదటి రోజు కదా అనుకున్నారు. రెండో రోజు గంటా యాభై. మూడో రోజూ అంతే. డాక్టర్లు ఖాళీ చేతులతో వార్డుల్లోకి వెళ్ళి, ఫలితాలు ఒక్కొక్కటిగా అడిగి తెప్పించుకుని, సిస్టర్ల మీద విసుక్కున్నారు. సిస్టర్లు ల్యాబ్ మీద, ల్యాబ్ వాళ్ళు కంప్యూటరమ్మ మీద. నాలుగో రోజున ఏడో వార్డులో నాలుగో మంచం మనిషికి పొటాషియం ఒక్కసారిగా గుండెకు ముప్పు తెచ్చేంత పెరిగింది. జాబితా ఉండుంటే పై వరసలోనే కనిపించేది. జాబితా లేదు. డాక్టరు ఆ మంచం దాటి వెళ్ళిపోయాడు. ఎనిమిదిన్నరకు జాబితా వచ్చాక సిస్టరు చూసి, వరండాలో పరుగెత్తి డాక్టరును వెనక్కి తీసుకొచ్చింది. మనిషి బతికాడు. కానీ ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటు మీటింగు పిలిచాడు.

మీటింగు గదిలో ఐదుగురే. సూపరింటెండెంటు, ల్యాబ్ డాక్టరమ్మ, ఏడో వార్డు సిస్టరు, కంప్యూటరమ్మ, స్వెట్టరు. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే వ్యవహారం ముదిరినట్టే.

"మొన్నటిదాకా గంటలో వచ్చేది. ఇప్పుడు రెండు గంటలు. మధ్యలో ఏం మారింది?"

కంప్యూటరమ్మ అంది: "ప్రోగ్రాము ఆరేళ్ళ నుంచి నడుస్తోంది సార్. అందులో నేను ఒక్క అక్షరం మార్చలేదు."

అబద్ధం ఆడుతున్నానని ఆమె అనుకోలేదు. ప్రోగ్రాము అంటే ఆమె దృష్టిలో తను రాసిన వేల వరసలు. వాటిలో నిజంగానే ఒక్క అక్షరం మారలేదు. మారినవి రెండు అంకెలు. అంకెలను ఆమె మార్పు కింద జమకట్టలేదు, ఆ మాటకొస్తే ఆ నిమిషంలో అవి గుర్తుకే రాలేదు.

"అయితే మెషీనేగా మారింది," అన్నాడు సూపరింటెండెంటు, మరిది వైపు తిరిగి.

మరిది వదిన వైపు చూశాడు. ఆమె కాగితాలు సర్దుకుంటోంది. అతను, "మెషీన్ బాగానే ఉంది సార్," అని మాత్రం అన్నాడు.

"బాగుంటే ఇలా ఎందుకవుతుంది?"

దానికి అతను నోరు మెదపలేదు. ఆ మౌనమే అతని కొంప ముంచింది. మెషీన్ అమ్మినవాళ్ళు వచ్చి పరీక్షించేదాకా గది తాళాలు ఆఫీసులో ఇచ్చెయ్యమన్నారు. అతన్ని అందాకా వెనక బిల్డింగులోని పాత రికార్డుల గదికి పంపారు. అక్కడ ఇరవై ఏళ్ళ నాటి కేసు షీట్లు తాళ్ళతో కట్టిన దొంతర్లుగా ఉంటాయి. దుమ్ము తప్ప పలకరించేవాళ్ళుండరు.

ఇంటికి ఈ వార్త మనుషులకంటే ముందే చేరింది. ఆ సాయంత్రం కంప్యూటరమ్మ మెట్లెక్కుతుంటే కింది వాటా తలుపు తెరిచే ఉంది. ఎప్పుడూ "వచ్చావా అక్కా" అనే తోడికోడలు ఆ రోజు తల తిప్పకుండా బట్టలు మడతపెట్టింది. మర్నాడు స్నానాల వేళకు పై వాటాలో నీళ్ళు ఆగిపోయాయి. మోటారు స్విచ్చి కింది వాటాలో ఉంది. రోజూ పొద్దున్నే తోడికోడలే వేసేది.

"అమ్మాయ్, మోటారు వేశావా?" అని మెట్ల మీంచి అడిగింది కంప్యూటరమ్మ.

"నేనేమీ మార్చలేదక్కా. ఉన్నది ఉన్నట్టే ఉంది," అని సమాధానం.

భర్త పేపరు వెనకనుంచి బయటికి రాలేదు. "వాడు నా తమ్ముడు, నువ్వు నా భార్యవి. నన్ను మధ్యలోకి లాగితే నేను పేపరు కూడా చదువుకోలేను," అన్నాడు. అత్తగారు ఒకపూట పైనా ఒకపూట కిందా తినడం మానలేదు గానీ, రెండు చోట్లా మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద ప్రమాద సూచిక లేదు.

"నేనేమన్నానని?" అంది కంప్యూటరమ్మ ఒకసారి, ఎవరితోనూ కాకుండా.

"ఏమీ అనలేదు తల్లీ, అదే కదా," అంది అత్తగారు. అన్ని రోజుల్లో ఆవిడ నోరు విప్పింది అప్పుడే.

మెషీన్ అమ్మిన కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. మూడు రోజులు తవ్వి తలకెత్తుకున్నారు. చివరికి మెషీన్ రాయిలా ఉందని రాసిచ్చారు. పైగా ఒక బొమ్మ జతచేశారు. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదీ పావు దాకా నలభై ఎనిమిది బుర్రలూ ఏం చేస్తున్నాయో చూపించే బొమ్మ. సూపరింటెండెంటు దాన్ని చూసి ఏమీ అర్థంకాక కంప్యూటరమ్మకు పంపాడు.

ఆమె ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. గీతలన్నీ అడుగునే పాకుతున్నాయి. మెషీన్ పని తట్టుకోలేక చతికిలబడితే గీతలు పైకప్పును తాకాలి. ఇక్కడ మెషీన్ ఆ గంటా ముప్పావులో ఎక్కువ భాగం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. చేతకాని మెషీన్ కాదది, ఎదురుచూస్తున్న మెషీన్. దేనికోసం?

అప్పటిదాకా ఆమెకు పనిమీద కోపం ఉండింది, మరిది మీద కొంచెం, తోడికోడలు మీద బాగా. ఆ బొమ్మ చూశాక కోపం పక్కకు తప్పుకుంది. ఆమెకు ఒక గుణం ఉంది. మనుషులతో మొండిగా వాదిస్తుంది గానీ కొలతతో వాదించదు.

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళింది. పరిపాలన విభాగంలో ఎవరూ లేరు. పక్క గదిలో ఫ్యాను మాత్రం ఎవరో ఆపడం మరిచిపోయినట్టు తిరుగుతోంది. ఉదయం పనినే మళ్ళీ నడిపింది, ఈసారి ఒకే ఒక్క థ్రెడ్‌తో. ముప్పై తొమ్మిది నిమిషాలు. ఎనిమిదితో నడిపింది. యాభై రెండు నిమిషాలు. నలభై ఎనిమిదితో నడపడం మొదలుపెట్టి, మధ్యలో వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. ఇంకా నడుస్తూనే ఉంది.

ఒక్కడు చేసే పనిని నలభై ఎనిమిది మంది కలిసి రెండింతల పైగా ఆలస్యం చేస్తున్నారు. ఆ నలభై ఎనిమిది అన్న అంకె ఎవరు కొట్టారో అప్పుడు గుర్తొచ్చింది.

నడుస్తున్న ప్రోగ్రామును ఉన్నపళాన ఆపి, ఏ థ్రెడ్ ఎక్కడ ఉందో చూసింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ ఆపింది. పదిసార్లు అలా చేసింది. పదిసార్లూ ఒకటే దృశ్యం. నలభై ఏడు థ్రెడ్లు ఒకే చోట నిలబడి ఉన్నాయి. ఒకటి మాత్రం పని చేస్తోంది. ఆ నలభై ఏడూ నిలబడింది ఆమె రాసిన వరసల్లో కాదు, డేటాబేస్ ఫైళ్ళను తెరిచిపెట్టే లైబ్రరీలో. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టగా లోకమంతా తమ ప్రోగ్రాముల్లో తెచ్చి వాడుకునే వరసలు. దాని మూలం ఎవరైనా చదువుకోవచ్చు. చదివింది.

సంగతి ఇది. ఒక ఫైలును తెరవమని అడిగినప్పుడల్లా లైబ్రరీకి ఒక అనుమానం వస్తుంది: ఇదే ఫైలును ఇదే ప్రోగ్రాము ఇంకో పేరుతో ఇదివరకే తెరిచి ఉందేమో అని. అది మంచి అనుమానమే. అది లేకపోతే ఫైళ్ళు పాడైపోతాయి. అందుకని తెరిచి ఉన్న ఫైళ్ళ చిట్టా ఒకటి పెట్టుకుని, కొత్తది వచ్చిన ప్రతిసారీ ఆ చిట్టాను మొదటినుంచి చివరిదాకా చూసుకుంటుంది. చూస్తున్నంతసేపూ చిట్టాకు తాళం వేసి ఉంచుతుంది, మధ్యలో ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా. పది ఫైళ్ళు తెరిచేవాళ్ళకు ఆ తాళం ఉందని కూడా తెలియదు. తెరిచినవి మూయకుండా లక్ష ఫైళ్ళు పేర్చిపెట్టిన మనిషికి ప్రతి కొత్త ఫైలుకూ లక్ష వరసల చిట్టా. ఆ చిట్టాకు ఒకటే తాళంచెవి. దాని కోసం నలభై ఎనిమిది మంది కొట్టుకులాట.

ఎందుకు వదినా అన్నేసి, పని అయిపోయిన ఫైలు మూసేస్తే పోలా?

మరిది ఆ రోజు ఈ చిట్టా సంగతి తెలిసి అడిగింది కాదు. మామూలుగా, బుద్ధి ఉన్న మనిషి అడిగే మాట అడిగాడు. ఆమె చెవిన పెట్టలేదు.

సరిచేయడానికి ఆ సాయంత్రం చాలింది. ఒకే ప్రోగ్రాములో నలభై ఎనిమిది థ్రెడ్ల బదులు, పన్నెండు వేరువేరు ప్రోగ్రాములు, ఒక్కోదానిలో నాలుగే థ్రెడ్లు. ఎవరి చిట్టా వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. పని అయిన ఫైలును వెంటనే మూసెయ్యడం. సోమవారం ఉదయం జాబితా ఆరూ ముప్పై తొమ్మిదికి వచ్చింది. తొమ్మిది నిమిషాలు.

ల్యాబ్ డాక్టరమ్మ ఫోను చేసి, "ఏం మంత్రం వేశారండీ?" అంది. ఏడో వార్డు సిస్టరు దారిలో కనబడి రెండు చేతులూ జోడించింది. సూపరింటెండెంటు మాత్రం కంపెనీ వాళ్ళకు ఉత్తరం రాశాడు, మీ మనుషులు వచ్చి చెయ్యి పెట్టగానే మెషీన్ దారికొచ్చింది, కృతజ్ఞతలు అని. దాని నకలు ఆమెకూ వచ్చింది. ఆమె చదివి సొరుగులో పెట్టింది.

సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. చెప్పాలనే అనుకుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, రేపు చెబుదాంలే అనుకుంది. నిజానికి చెప్పకపోయినా నష్టం లేదని మనసులో ఒక మూల అనిపించింది. జాబితా వస్తోంది, డాక్టర్లు సంతోషంగా ఉన్నారు, మరిది ఎలాగూ వారంలో తన గదికి తిరిగొస్తాడు. మరుపు మందులా పని చేస్తుంది. ఇలా తనకు తాను సర్దిచెప్పుకోవడంలో ఆమె కూడా అందరిలాంటి మనిషే.

బుధవారం ఆర్డరు వచ్చింది. స్వెట్టరును రికార్డుల గదికి శాశ్వతంగా బదిలీ చేశారు. కారణం కూడా రాశారు: ఇతను బాధ్యతల నుంచి తప్పుకున్న తర్వాత మెషీన్ పనితీరు మెరుగుపడినందువల్ల.

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది. అప్పటికప్పుడు లేచి సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. ఆయన భోజనం డబ్బా మూత తీస్తున్నాడు.

"సార్, ఆ ఆర్డరు వెనక్కి తీసుకోవాలి. మెషీన్‌లో తప్పు లేదు. తప్పు నాది."

"ఏం తప్పు?"

చెప్పింది. ఆయన సగం విని, డబ్బా వైపు ఒకసారి చూసి, "ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా? అయిపోయిందాన్ని కెలకడం ఎందుకు?" అన్నాడు.

"అయిపోలేదు సార్. మా మరిది వెనక బిల్డింగులో ఉన్నాడు."

"ఓహో, ఇది ఇంటి గొడవా?"

"కాదు సార్. ఇంటి గొడవైతే ఇంట్లోనే చూసుకునేదాన్ని. నాలుగో మంచం మనిషికి ఏమైనా అయ్యుంటే ఎవరిని అడిగేవారు? అతన్నే కదా? నన్ను అడగాలి. రాసిస్తాను, మీటింగులో చదువుతాను."

మర్నాడు అదే గదిలో అదే ఐదుగురు కూర్చున్నారు. మరిదిని వెనక బిల్డింగు నుంచి పిలిపించారు. స్వెట్టరు లేకుండా చొక్కాతో వచ్చాడు. మోచేతుల దాకా దుమ్ము. ఆమె ఒకటిన్నర పేజీ రాసుకొచ్చింది, చదివింది. చదివాక సూపరింటెండెంటు, "కాస్త మా బుర్రకెక్కేలా చెప్పండి," అన్నాడు.

"మన ఓపీలో నలభై ఎనిమిది మంది గుమాస్తాలను కూర్చోబెట్టామనుకోండి. అందరికీ కలిపి ఒక్కటే రిజిస్టరు. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా, ఈయన పేరు ఇదివరకే ఉందా అని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూడాలి. ఒకరు చూస్తుంటే నలభై ఏడుగురు చేతులు కట్టుకుని నిలబడాలి."

"అయినా ఒక్కడు చేసినంత వేగంగానైనా అవ్వాలి కదా? అంతకంటే ఆలస్యం ఎందుకు?" అంది ల్యాబ్ డాక్టరమ్మ. తెలివైన మనిషి.

"రిజిస్టరు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారడానికీ సమయం పడుతుంది డాక్టరుగారూ. నాకివ్వు, నాకివ్వు అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ లాక్కోవడానికే సరిపోతుంది."

"ఆ రిజిస్టరు పెట్టిందెవరు?"

"లైబ్రరీ రాసినవాళ్ళు. వాళ్ళ తప్పు కాదు. ఐదో పదో ఫైళ్ళు తెరుచుకునేవాళ్ళ కోసం రాశారు. లక్ష తెరిచి ఒక్కటీ మూయనిది నేను. గుమాస్తాలను నలభై ఎనిమిది మందిని చేసింది నేను. కొలవకుండా చేశాను. ఆ రోజు మీటింగులో ఒక్క అక్షరం మార్చలేదన్నాను. అంకెలు మార్చాను."

సూపరింటెండెంటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కంప్యూటరమ్మకు ఒక మెమో ఇచ్చారు. ఇకమీదట ఆమె ప్రోగ్రాములో ఏం మార్చినా ముందుగా పాత మెషీన్ మీద వారం రోజులు నడిపి చూపించాలని షరతు పెట్టారు. ఆమె సంతకం పెట్టింది. ఆర్డరు రద్దయింది.

అంతటితో మరిది ఎగిరి గంతేసి వస్తాడనుకున్నారు. అతను రాలేదు.

"రెండు వారాలు ఆగండి సార్," అన్నాడు సూపరింటెండెంటుతో. "అక్కడ సగం దొంతర్లు విప్పి నేల మీద పరిచాను. ఏ ఏడాదివి ఆ ఏడాదికి సర్దుతున్నాను. ఇప్పుడు వదిలేసి వస్తే మొదటికంటే అన్యాయమైపోతుంది."

"అప్పటిదాకా మెషీన్ రూమ్ ఎవరు చూస్తారయ్యా?"

"మేడమ్ చూస్తారు," అన్నాడతను, వదిన వైపు చూడకుండా.

ఆమె కాదనలేదు. అలా పద్నాలుగు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చలిగదిలో కూర్చుంది. మొదటి రోజు శాలువా, మూడో రోజు నుంచి భర్త ఉన్ని కోటు. కాలివేళ్ళు తిమ్మిరెక్కేవి. రెండు గంటలకోసారి గది ఉష్ణోగ్రత చూసి రాయాలి, ఫ్యాన్ల చప్పుడులో తేడా వస్తే కనిపెట్టాలి, ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలిసి ఉండాలి. పన్నెండేళ్ళుగా పక్క గదిలో ఉంటూ, ఇక్కడ మరిది ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, మెషీన్లు చూసుకుంటాడు అని చెప్పేది. చూసుకోవడం అంటే ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలుస్తోంది.

ఐదో రోజున ఉష్ణోగ్రత రాయబోతే పుస్తకంలో పేజీలు అయిపోయాయి. కొత్తది ఎక్కడుందో రాసిపెట్టాడేమోనని వెనక పేజీలు తిరగేసింది. కొత్త మెషీన్ వచ్చిన వారం కనబడింది. మరిది రాత గుండ్రంగా, చిన్నపిల్లల కాపీ పుస్తకంలా ఉంటుంది. వరసగా: బీరువా బిగించడమైనది. కరెంటు సరిచూడడమైనది. తెరిచి ఉంచగల ఫైళ్ళ హద్దు రెండు లక్షలు చేయడమైనది, ప్రోగ్రాము వారి కోరికపై. దాని కింద, మర్నాటి తేదీతో: ఉదయం పనిలో థ్రెడ్లు ఎనిమిది నుంచి నలభై ఎనిమిది అయినట్టు గమనించడమైనది, ప్రోగ్రాము వారు మార్చినట్టున్నారు. ఆ పక్కన టైము, సంతకం.

మీటింగుకు మూడు రోజుల ముందటి తేదీ అది.

పుస్తకం చంకలో పెట్టుకుని వెనక బిల్డింగుకు వెళ్ళింది. రికార్డుల గదిలో నేల కనిపించకుండా కాగితాల కట్టలు పరిచి ఉన్నాయి. మధ్యలో నడవడానికి జానెడు దారి. మరిది చిన్న నిచ్చెన మీద నిలబడి పై అరలో కట్టలు పేరుస్తున్నాడు.

"ఇది నీ దగ్గర ఉండగా ఆ రోజు ఎందుకు చూపించలేదు?"

అతను కిందికి చూశాడు. పుస్తకాన్ని గుర్తుపట్టాడు. చేతిలో ఉన్న కట్ట అరలో పెట్టి, నిచ్చెన దిగి, చేతులు దులుపుకున్నాడు.

"చూపిస్తే ఏమయ్యేది వదినా? నా బదులు మిమ్మల్ని ఇక్కడికి పంపేవాళ్ళు. ప్రోగ్రాము ఎవరు బాగుచేస్తారు? నాకు రాదు కదా. జాబితా ఆ మాత్రం కూడా వచ్చేది కాదు."

"అంతేనా?"

అతను నిచ్చెనను గోడకు ఆనించాడు.

"అంతే కాదు. కోపం కూడా వచ్చింది. అందరి ముందూ అలా అన్నారు కదా, మీరే తెలుసుకుని మీరే చెప్పాలి అనిపించింది. చెప్పకపోతే అప్పుడు చూద్దాం అనుకున్నా. ఆర్డరు వచ్చిన రోజు పొద్దున మా ఆవిడ, ఇంకా ఆ పుస్తకం తీసి చూపించవేం అని నా మీద విరుచుకుపడింది. రేపు చూపిస్తాలే అన్నాను. ఆ మధ్యాహ్నమే మీరు చెప్పేశారట."

"మూడు రోజులు ఆలస్యంగా చెప్పాను. ఆదివారమే తెలిసింది నాకు."

"తెలుసు. సోమవారం తొమ్మిది నిమిషాల్లో అయిందంటే ఆదివారమే తెలిసుంటుంది."

క్షమించమని అడగాలనుకుంది. వాళ్ళ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అన్నట్టు గుర్తులేదు. నేల మీది కాగితాల వైపు చూసింది. ఒక కట్ట మీద తాడు వదులైంది. వంగి ముడి బిగించింది.

"ఇంకా ఎన్ని రోజుల పని ఉంది ఇక్కడ?"

"తొమ్మిది. ఎక్కువైనా కావచ్చు. మీకు చలికి ఇబ్బందిగా ఉందా?"

"ఉంది."

"కిటికీ వైపు కుర్చీ వేసుకోండి. గాలి అటు తక్కువ కొడుతుంది," అన్నాడు. "పుస్తకం తీసుకెళ్ళండి వదినా, పన్నెండు గంటల రీడింగు రాయాలి. కొత్త పుస్తకం కింది సొరుగులో ఉంటుంది, అట్ట ఆకుపచ్చది."

ఆమె గడియారం చూసుకుంది. పన్నెండుకు ఆరు నిమిషాలు తక్కువ. కట్టల మధ్య జానెడు దారిలో అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి నడిచింది.